మామగారి చీమ

లోకంలో ఏ కెమెరా ఆగిపోయినా దానికి కారణం ఒక్కటే: చీమ. ఈ ముక్క మీకు తెలియదంటే మీరు చీమల డాక్టరుగారి దుకాణం మెట్లు ఎప్పుడూ ఎక్కలేదన్నమాట. శివుడాజ్ఞ లేనిదే చీమైనా కుట్టదని పెద్దలన్నారు. ఆయన దగ్గర చీమ ఆజ్ఞ లేనిదే కెమెరా కూడా చెడదు.

ఆయన బాగుచేసేది పెద్ద పెద్ద సినిమాలు తీసే కెమెరాలు కాదు. వెనకటి రోజుల్లో కాస్త కలిగినవాళ్లు పిల్లల్ని, పుట్టినరోజుల్ని తీసుకోవడానికి కొనుక్కున్న బుల్లి కెమెరాలు. పిడి పట్టుకుని మీట నొక్కితే టకటకమని తిరుగుతాయి. వాటికి ఫిల్ము చదునైన ప్లాస్టిక్ డబ్బాలో వస్తుంది. కార్ట్రిడ్జ్ అంటారు దాన్ని. కెమెరా పొట్టలోకి నెట్టి తలుపు మూస్తే మూడు నిమిషాల పైచిలుకు బొమ్మ. ఈమధ్య తాతల పెట్టెల్లోంచి మనవలు వీటిని మళ్లీ పైకి తీస్తున్నారు. నలభై ఏళ్లు నిద్రపోయిన కెమెరాను లేపీ లేపగానే పని చేయమంటే చేస్తుందా? సగంలో కిర్రుమంటుంది, ఆగుతుంది, డబ్బాలో ఫిల్ము బిగుసుకుంటుంది. అప్పుడు వాళ్లు దర్జీ కొట్టు పక్కనున్న ఇరుకు మెట్లెక్కి పైకి వస్తారు.

పైన ఉన్నది ఒకటే గది. కిటికీ దగ్గర బల్ల, బల్ల మీద తెల్ల తువ్వాలు, పక్కన కోడిగుడ్ల అట్టలు రెండు. గుడ్లుండాల్సిన గుంటల్లో విప్పిన మరలు వరసగా ఉంటాయి. మూలన నల్లగుడ్డ కట్టిన చిన్న చీకటి గది. డాక్టరుగారు కెమెరా అందుకుని ముందు చెవి దగ్గర పెట్టుకుంటారు. మీట నొక్కి వింటారు. తలుపు తీసి, డబ్బా బయటికి లాగి, బిగుసుకున్న చుట్ట వదులవడానికి అరచేతి మీద చదునుగా రెండు దెబ్బలు వేస్తారు. పెన్సిలు వెనక కొసతో డబ్బా మధ్యలోని చక్రాన్ని మెల్లగా తిప్పుతారు. అది తిరిగిందంటే సగం రోగం కుదిరినట్టే. ఆపైన భూతద్దం కంటికి పెట్టుకుని కెమెరా పొట్టలోకి తొంగిచూస్తారు. అప్పుడు గదిలో చీమ చిటుక్కుమన్నా వినపడుతుంది. ఆయన సరిగ్గా దానికోసమే చెవులు రిక్కించి ఉంటారు.

"ఆఁ! దొరికింది. చీమ."

పట్టకారుతో దేన్నో పైకి తీస్తారు. తెల్లకాగితంలో పెట్టి మడుస్తారు. కిటికీ దగ్గరికి నడిచి కాగితం దులుపుతారు.

"పోమ్మా, పో. మళ్లీ ఇలాంటి పనులు చేయకు."

వచ్చినవాళ్లు మెడలు సాచి చూసేలోపే చీమ వెళ్లిపోతుంది. ఇంతవరకు దాన్ని కళ్లారా చూసినవాళ్లు లేరు. చీమల డాక్టరని పేరు పెట్టింది కింది దర్జీ. ఆ పేరు పైదాకా ఎక్కడానికి మెట్లు కూడా అక్కర్లేకపోయింది.

ఆయన కోడలు కూడా ఆ చీమను చూడలేదు. చూడనిదాన్ని ఒప్పుకునే మనిషి కాదు ఆవిడ. పెళ్లికి ముందు సీసాల ఫ్యాక్టరీలో తనిఖీ ఉద్యోగం చేసింది. అక్కడ పగిలిన ప్రతి సీసాకూ ఒక కారణం రాయాలి. "దానంతటదే పగిలింది" అని రాసిన పెద్దమనిషిని మర్నాడు పనిలోకి రావద్దన్నారు. పెళ్లయ్యాక ఫ్యాక్టరీ దూరమైంది, మామగారి చూపు మందగించింది, కోడలు ఆయన పక్కన ఇంకో స్టూలు వేసుకుని కూర్చుంది. చేతివాటం ఉన్న పిల్ల. ఆరు నెలల్లో కెమెరా విప్పడం, బిగించడం, చీకటి గదిలో డబ్బా పగలగొట్టి ఫిల్ము కాపాడటం అన్నీ పట్టేసింది. చీమ ఒక్కటే పట్టుబడలేదు.

మొదటి వారంలోనే అడిగింది.

"మావయ్యగారూ, ఆ కాగితంలో ఏమీ లేదు."

"చిన్నదమ్మా."

"ఎంత చిన్నది?"

"నీకు కనపడనంత."

"మరి మీకెలా కనపడింది? పొద్దున్న పేపరు నాచేత చదివించుకున్నారు కదా!"

"అక్షరాలు కదలవు కదమ్మా. చీమ కదులుతుంది."

కోడలికి ఒళ్లు మండింది. కొత్త కోడలు కాబట్టి లోలోపలే మండింది.

ఇంటికెళ్లి అత్తగారితో మొరపెట్టుకుంది. అత్తగారు భారీ మనిషి. ఆవిడ మంచం మీద ఒక పక్క కూర్చుంటే రెండో పక్క కాళ్లు నేల వదులుతాయి. కోడలి మాట విని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"నీకు ఆరు రోజులే అయింది. నాకు ముప్పై ఆరేళ్లు. మొన్న ఆయన కళ్లజోడు మీద నేనే కూర్చున్నానమ్మా. ఫటేల్‌మంది. ఆయనొచ్చి, ముక్కలు ఏరుకుని, అటు తిప్పి ఇటు తిప్పి చూసి ఏమన్నారో తెలుసా?"

"చీమన్నారా?"

"చీమ తొక్కిందన్నారు." అత్తగారి మొహం వెలిగిపోయింది. "నన్ను పట్టుకుని చీమన్న మగాడు ఈ భూమ్మీద ఈయనొక్కడే!"

ఆ ఇంట్లో తనకు న్యాయం జరగదని కోడలికి అర్థమైంది.

సరే, న్యాయం తనే చేసుకుందామనుకుంది. ప్రతి కెమెరాకూ ఒక చీటీ కట్టడం మొదలుపెట్టింది. ఏమైంది, ఏం చేశాం, కారణం ఏమిటి అని మూడు వరసలు. సరిగ్గా ఆ వారమే ఒక రిటైరైన హెడ్మాస్టరు, ఆయన భార్య వచ్చారు. హెడ్మాస్టరు ముప్పై అయిదేళ్లు సైన్సు చెప్పిన మనిషి.

"కదలడం లేదండీ. ఈవిడ తడిగుడ్డ పెట్టి తుడిచింది. కెమెరా అంటే ఇత్తడి చెంబనుకుంది."

"నేను పొడిగుడ్డతోనే తుడిచాను," అంది ఆవిడ నెమ్మదిగా. ఆ మాట వారం రోజులుగా చెప్పి చెప్పి అలిసిపోయిన గొంతు అది.

మామగారు పిడి కింద మూత తీశారు. పక్కనుంచి కోడలు చూసింది. బ్యాటరీలు నాలుగుంటే నాలుగూ తిరగేసి ఉన్నాయి. ఒక్కటైనా పొరపాటున సరిగ్గా పడలేదు. కోడలు గబగబా చీటీ మీద ఆ సంగతి రాసేసింది. మామగారు బ్యాటరీలు తీసి, తుడిచి, తిప్పి పెట్టి, మీట నొక్కారు. టకటకమంది.

"బ్యాటరీల సందులో పడుకుందండీ. చీమ."

హెడ్మాస్టరు ఎగిరి గంతేసినంత పని చేశాడు.

"నేననుకుంటూనే ఉన్నాను! అక్కడ వెచ్చగా ఉంటుంది కదా. చీమకు వెచ్చదనం ఇష్టం. దానికి ఆరు కాళ్లు, చూడండీ..." అంటూ అరగంట చీమల పాఠం చెప్పాడు. మామగారు తరగతిలో ముందు బెంచీ పిల్లాడిలా తల ఊపుతూ విన్నారు.

"అయితే నా తడిగుడ్డ సంగతి?" అంది భార్య.

"తడిగుడ్డ చీమనేం చేస్తుందే! పద, పద, మెట్లు జాగ్రత్త," అని హెడ్మాస్టరు ఆవిడ చెయ్యి పట్టుకుని దింపుకుపోయాడు. కోడలు రాసిన చీటీ మామగారి జేబులోకి పోయింది.

"మావయ్యగారూ, అందులో కారణం రాశాను."

"చూశానమ్మా. దస్తూరి ముత్యాల్లా ఉంది."

ఇంకెక్కడి చీటీలు! మర్నాడు కోడలు చీమల మందు సుద్ద కొనుక్కొచ్చింది. గుమ్మం, కిటికీ, బల్ల నాలుగు కాళ్లు, చీకటి గది, ఆఖరికి తను కూర్చునే స్టూలు చుట్టూ కూడా తెల్లటి గీతలు గీసింది. చేతులు దులుపుకుని, "ఇక ఈ గదిలోకి ఒక్క చీమ కూడా రాదు, చూద్దాం," అంది. పది నిమిషాల్లో ఒకాయన కెమెరా పట్టుకుని గీత దాటి వచ్చాడు. మామగారు భూతద్దం పెట్టుకున్నారు.

"చీమేనండీ. మీ ఇంటినుంచే వచ్చింది. పాపం, ఇక్కడ దిగే వీలు లేక లోపలే కూర్చుంది."

ఆ రోజు కోడలు ఒట్టు పెట్టుకుంది. ఇకమీదట వచ్చే కెమెరాకు ఏ రోగమున్నా, అందరి ఎదుటా, గట్టిగా, తనే చెప్పేస్తుంది. నిజం చెప్పడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మామగారు ఏమనుకున్నా సరే.

ఆ వచ్చే కెమెరా రెండు రోజులకే వచ్చింది. దానితోపాటు నలుగురు మనుషులు, నాలుగు మూతులు నాలుగు దిక్కులకు పెట్టుకుని మెట్లెక్కి వచ్చారు. ముందు ఒక బామ్మ, చేతిలో ఒక గుడ్డసంచి. వెనక ఆవిడ కొడుకు, టికెట్ కలెక్టరు, ఎవరినైనా సరే టికెట్ చూపించమన్నట్టు చూసే మనిషి. ఆయన వెనక ఆయన కూతురు. అందరికంటే వెనక, ఇంకో రెండు మెట్లు కిందనే ఆగిపోతే బాగుండునన్నట్టు, ఆ అమ్మాయి మొగుడు. పెళ్లై నాలుగు నెలలే అయిన కొత్త అల్లుడు.

గుమ్మంలోనే బామ్మ ఆగింది. "ఈ తలుపు ఇలా కిర్రుమంటోందేం నాయనా? ఒక చుక్క నూనె వేయించకూడదూ?" పైకి చూసింది. "ఆ ఫ్యాను కూడా మూలుగుతోంది పాపం."

ఆ తర్వాత కుర్చీలో కూర్చుని సంచి ఒళ్లో పెట్టుకుంది. మాట్లాడటమంతా టికెట్ కలెక్టరే చేశాడు.

"మా అమ్మకు డెబ్బై రెండేళ్లండీ. ఈ వయసులో సైకిలు నేర్చుకుంది."

"మూడు నెలలు మా వీధిలో ఎవరూ గుమ్మం ముందు నించోలేదు," అంది మనవరాలు.

"నువ్వాగు. ఆమధ్య మొదటిసారి, ఎవరూ పట్టుకోకుండా, ఈ చివరినుంచి ఆ చివరిదాకా తొక్కేసిందండీ! మా నాన్నగారి కెమెరాలో తీద్దామని అనుకున్నాం. తీసింది మా అల్లుడుగారు. అమ్మ సైకిలెక్కింది, నాలుగు గజాలు వెళ్లింది, కిర్రుమంది, ఆగిపోయింది. కెమెరా. అమ్మ మాత్రం వెళ్లిపోయింది. అంతా అయ్యాక చూస్తే ఏముంది?" ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. "ఇందులో అల్లుడుగారి తప్పని ఎవరూ అనడం లేదు."

"నేను మామూలుగానే నొక్కానండీ," అన్నాడు అల్లుడు నేలకేసి చూస్తూ.

"మామూలుగానే నొక్కారు. ఎవరు కాదన్నారు? వారి చేతిలో ఉండగా ఆగిందంటున్నాం, అంతే. మీట నొక్కడానికి ఒక పద్ధతుంటుంది, అది కొందరికి రాదు అని ఊరికే లోకంలో మాట చెప్తున్నాం. వారిని అనలేదు."

అల్లుణ్ణి తిట్టడం మర్యాద కాదు కదా. అందుకని ఆ ఇంట్లో మూడు వారాలుగా ఆయనకు మర్యాదలు పెంచేశారు. వస్తే పెద్ద కుర్చీ, మీరు, తమరు, దయచేయండి, తీసుకోండి. ఆ మర్యాదలు పడలేక అల్లుడు అత్తవారి గడప తొక్కడం మానేశాడు. పిల్ల పుట్టింటికి వస్తే ఒక్కతే వస్తోంది, వచ్చి తండ్రితో పోట్లాడి వెళ్తోంది. బామ్మేమో ఆ రోజునుంచి సైకిలు మీద దుప్పటి కప్పేసింది. మనవరాలి మొగుడి మీద కోపంతోనే అలా చేసిందని ఇంటిల్లిపాదీ తేల్చేశారు.

"ఇంకో డబ్బా పెట్టి తీసుకోవచ్చు కదా అమ్మగారూ. మళ్లీ ఒక్కసారి తొక్కండి," అన్నారు మామగారు.

"తొక్కను నాయనా. ఇక దాన్ని ముట్టుకోను." బామ్మ తల ఎత్తలేదు.

"చూశారా?" అన్నాడు టికెట్ కలెక్టరు, అల్లుడివైపు చూడకుండా చూస్తూ.

మామగారు కెమెరా తలుపు తీశారు. కోడలు దీపం దగ్గరగా పట్టుకుంది. లోపలికి చూసేసరికి ఆవిడ కళ్లు తిరిగాయి. నూనె! ఫిల్మును పట్టి లాగే కొక్కెం నిండా నూనె, డబ్బాను తిప్పే ఇరుసు నిండా నూనె, అద్దం అంచున నూనె. నలభై ఏళ్ల దుమ్ము అందులో కలిసి బంకైపోయింది. ఆ బంకలో ఫిల్ము అంచు అతుక్కుని మడతపడి ఉంది. కోడలు వేలితో అంటుకుని వాసన చూసింది. కుట్టుమిషను నూనె.

తల తిప్పి తలుపు చూసింది. ఫ్యాను చూసింది. బామ్మ ఒళ్లో సంచి చూసింది. సంచి మూతిలోంచి సన్నటి ముక్కున్న నూనెబుడ్డి బయటికి తొంగిచూస్తోంది.

అంతే, లెక్క తేలిపోయింది. కెమెరాకు నూనె పోసింది బామ్మ. మాటలు పడుతున్నది అల్లుడు. ఇది బ్యాటరీలు తిరగేసిన కథ కాదు. ఇక్కడ ఏ పాపమూ ఎరగని మనిషి మూడు వారాలుగా దోషిలా నించుని ఉన్నాడు. ఒక్కమాట చెప్తే చాలు, బయటపడతాడు. కోడలు దీపం కింద పెట్టింది. నోరు తెరిచింది.

"ఇది..."

"అమ్మాయ్, మంచినీళ్లు," అన్నారు మామగారు.

"ఒక్క నిమిషం మావయ్యగారూ, ఇది..."

"దాహంతో నాలుక పిడచకట్టుకుపోతోందమ్మా."

పెద్దాయన దాహమంటే ఏం చేస్తుంది? పళ్లు నూరుకుంటూ కుండ దగ్గరికి వెళ్లింది. గ్లాసుతో తిరిగి వచ్చేసరికి ఆయన అప్పటికే పట్టకారు పైకెత్తి పట్టుకుని ఉన్నారు.

"ఇదుగో. చీమ."

"చీమా?" టికెట్ కలెక్టరు గొంతు కిందున్న దర్జీకి కూడా వినిపించింది. "ఇంత కెమెరాను చీమ ఆపిందా?"

"ఏనుగు తొండంలో దూరితే ఏనుగే ఆగుతుంది, కెమెరా ఎంతండీ?"

"ఎలా ఎక్కింది లోపలికి?"

"టికెట్ లేకుండా ఎక్కిందండీ. మీకు తెలియనిదేముంది!"

టికెట్ కలెక్టరు దెబ్బతిన్నాడు. వృత్తి విషయం కదా. అయినా వదల్లేదు. "ఏదీ, చూపించండి."

మామగారు అప్పటికే కిటికీ దగ్గర కాగితం దులిపేశారు. "వెళ్లిపోయింది. ఇంకో మాట చెప్పనా? మీ అల్లుడుగారు కిర్రుమనగానే మీట వదిలేశారు చూడండి, అందుకే కెమెరా బతికింది. ఇంకొకళ్లయితే పంతానికి నొక్కి నొక్కి లోపల పళ్లచక్రాల పళ్లు రాలగొట్టేవాళ్లు. నాకు అలాంటివి వారానికి రెండొస్తాయి."

ఈ మాట మాత్రం నూటికి నూరుపాళ్లూ నిజం. కోడలు కాదనలేకపోయింది.

టికెట్ కలెక్టరు చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. కెమెరాకేసి చూశాడు, కిటికీకేసి చూశాడు, మూడు వారాల తర్వాత మొదటిసారి సూటిగా అల్లుడి మొహంలోకి చూశాడు.

"ఏమోయ్," అన్నాడు. "ఇవాళ భోజనానికి వస్తున్నావా?"

మీరు పోయి నువ్వు వచ్చేసింది. అల్లుడు ఆ ఒక్క మాటకే మొహం చేటంత చేసుకున్నాడు. మనవరాలు నవ్వూ ఏడుపూ కాని గొంతుతో, "వస్తాడు, వస్తాడు," అంది. కోడలు బామ్మకేసి చూసింది. చీమ అన్న మాట వినపడినప్పుడే ఆవిడ తల ఎత్తింది. ఇప్పుడు మామగారినే చూస్తోంది, పెదవి వణుకుతోంది. ఆ మొహం చూశాక కోడలికి ఒట్టు గుర్తురాలేదు. నోరు దానంతటదే మూతపడింది. మంచినీళ్ల గ్లాసు తనే తాగేసింది.

వాళ్లు వెళ్లాక మామగారు చీకటి గదిలో ఆ డబ్బా పగలగొట్టి, దొరికినంత ఫిల్ము రీలుకు చుట్టి కడగడానికి పంపారు. కోడలు స్పిరిటులో ముంచిన గుడ్డపీలికలతో నూనె తుడుస్తూ కూర్చుంది. తుడుస్తున్నకొద్దీ కోపం మళ్లీ వచ్చింది. అల్లుడు బయటపడ్డాడు, బాగుంది. అయినా నిజమనేది ఒకటుంటుంది కదా, దాన్ని కిటికీలోంచి దులిపేస్తే ఎలా?

మర్నాడు పొద్దున్న బామ్మ ఒక్కతే వచ్చింది. ఒక్కొక్క మెట్టు దగ్గరా ఆగి ఆగి ఎక్కింది. కోడలు చీకటి గదిలో ఉంది. నల్లగుడ్డ వెనకనుంచి మాటలన్నీ వినపడ్డాయి.

"నాయనా, అది చీమ కాదు. నేనే."

కుర్చీ లాగిన చప్పుడైంది. ఆవిడ కూర్చుంది.

"ఆయన పోయాక ఆ కెమెరా పెట్టెలోనే ఉండిపోయింది. ఎన్నాళ్లనుంచో కదలనిది, సరిగ్గా నేను తొక్కేటప్పుడు మొరాయిస్తుందేమోనని భయమేసింది. ఒక్కదాన్ని ఉన్నప్పుడు నూనె వేశాను. సైకిలు చెయినుకు వేస్తే ఎంత చక్కగా తిరుగుతోందీ, దీనికీ అంతే కదా అనుకున్నాను. కాస్త ఎక్కువే వేశాను."

"బుడ్డెడు వేశారు," అన్నారు మామగారు మెత్తగా.

"ఆ పిల్లాణ్ణి మూడు వారాలు మాటలు పడనిచ్చానే! చెబుదామని రోజూ అనుకునేదాన్ని. మావాడు అంత గట్టిగా అరుస్తుంటే నోరు పెగల్లేదు. సైకిలు చూస్తే సిగ్గేసేది."

ఆవిడ ముక్కు చీదుకుంది. మామగారు కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు.

"అమ్మగారూ, నా మాట వినండి. చీమ ఉన్న మాట నిజమే. కెమెరాలో చీమలు దూరతాయి, ఎవరికీ చిక్కవు. దీన్ని నేను ఎలా పట్టుకోగలిగాననుకున్నారు? మీరు నూనె వేయబట్టే కాలు జారి పడింది."

 బామ్మ నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి, దగ్గి, కళ్లు తుడుచుకుని, మళ్లీ నవ్వింది.

"అబద్ధం చెప్పడంలో మా ఆయన్ని మించిపోయావయ్యా!" లేచి నించుంది. "ఇక చెప్పేస్తానులే. ఇంట్లో అందరూ మాట్లాడుకుంటున్నారు, నవ్వుకుంటున్నారు. ఇప్పుడైతే చెప్పగలను."

ఆవిడ దిగిపోయాక కోడలు నల్లగుడ్డ తొలగించుకుని బయటికి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. స్పిరిటు వాసన అనుకుందామా? కాదు, ఏడ్చింది.

"అందరూ ఇలాగే తిరిగొస్తారా మావయ్యగారూ?"

"సగం మంది వస్తారమ్మా. హెడ్మాస్టరుగారు మర్నాడే, నువ్వు సుద్దకోసం వెళ్లినప్పుడు వచ్చారు, బ్యాటరీలు ఎటు పెట్టాలో బొమ్మ గీయించుకుని పోయారు. మిగతా సగం మంది ఇంట్లోనే చెప్పేసుకుంటారు."

"మరి ముందే నిజం చెప్తే?"

"నిజం వాళ్లకు తెలుసు కదమ్మా. చెప్పుకునే చోటు లేక తిరుగుతుంటారు. నలుగురి మధ్యా మనం చెబితే అది తీర్పవుతుంది. తీరిగ్గా వాళ్లే చెప్పుకుంటే కబురవుతుంది." ఆయన భూతద్దం తుడుచుకున్నారు. "అయినా నాకెందుకొచ్చిన గొడవ? నేను కెమెరాలు బాగుచేసేవాణ్ణి."

కోడలికి ఆ పూట మామగారి మీద ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందంటే, చెప్పకుండానే తలుపుకూ ఫ్యానుకూ నూనె వేసేసింది.

బామ్మ ఇంట్లో చెప్పేసిందట. అల్లుడు పొట్ట చేత్తో పట్టుకుని నవ్వాడట. టికెట్ కలెక్టరు మాత్రం సాయంత్రందాకా ముఖం చాటేసి, ఆ తర్వాత అల్లుడి భుజం మీద చెయ్యి వేసి, "మీట నొక్కే పద్ధతి నాకూ నేర్పవోయ్," అన్నాడట. ఆదివారం పొద్దున్న బామ్మ సైకిలుతో సహా అందరూ దుకాణం వీధిలోకే దిగారు. "ఈ వీధిలోనే తొక్కుతాను. ఏదైనా అయితే డాక్టరు పైనే ఉన్నాడు," అందిట ఆవిడ.

అత్తగారు దర్జీ కొట్టు అరుగు మీద కూర్చుంది. అరుగు మిగతావాళ్లకు చాలలేదు. అల్లుడు కెమెరా కంటికి ఆనించాడు. బామ్మ చీర కుచ్చెళ్లు బిగించి, గంట మోగించి, బయల్దేరింది. మొదట వంకరటింకరగా, తర్వాత తిన్నగా, తర్వాత జోరుగా. కెమెరా టకటకమంటూనే ఉంది. టికెట్ కలెక్టరు పక్కనే రొప్పుతూ పరుగెత్తాడు.

"అమ్మా, బ్రేకు! బ్రేకు!"

"అది ఇంకా నేర్చుకోలేదురా!"

వీధి చివర చుట్టు తిరిగి, గంట మోగిస్తూ, "తప్పుకోండి, తప్పుకోండి" అని కేకలేస్తూ ఆవిడ వెనక్కి వచ్చింది. దర్జీ ప్రాణం అరచేతిలో పెట్టుకుని తన గుడ్డల మూటలన్నీ వీధిలోకి విసిరాడు. బామ్మ వచ్చి ఆ మూటల్లో మెత్తగా దిగబడింది. సరిగ్గా అప్పుడే కెమెరా ఆగిపోయింది.

అల్లుడి మొహంలో నెత్తురు చుక్క లేదు. "నేను మామూలుగానే నొక్కాను..."

కోడలు చటుక్కున కెమెరా అందుకుని, ఎంత ఫిల్ము తిరిగిందో చూపే లెక్కముల్లు చూసింది. "ఏం కాలేదండీ. ఫిల్ము అయిపోయింది. మూడు నిమిషాలూ మొత్తం వచ్చేసింది!"

వీధి వీధంతా చప్పట్లు కొట్టింది. బామ్మ మూటల్లోంచి చెయ్యి ఊపింది. టికెట్ కలెక్టరు అల్లుణ్ణి కావలించుకుని ఎత్తబోయి, ఎత్తలేక, ఇద్దరూ కలిసి గుడ్డల్లో పడ్డారు.

అందరూ వెళ్లాక మామా కోడళ్లు మెట్లెక్కుతున్నారు. సగంలో కోడలు ఆగింది.

"మావయ్యగారూ, ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పాలి. ఇన్నేళ్లలో ఏ కెమెరాలోనైనా నిజంగా చీమ దొరికిందా?"

మామగారు పైకీ కిందికీ చూసి గొంతు తగ్గించారు.

"ఒక్కసారి దొరికిందమ్మా. ఒకటి కాదు, బారుకు బారే. ఒకాయనకు షుగరు. తీపి ముట్టుకోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆయనేమో కెమెరా పెట్టెలో చాక్లెట్లు దాచుకున్నాడు."

"అమ్మయ్య! అప్పుడైనా చీమ అని నిజం చెప్పారన్నమాట."

"అయ్యో, అదేం మాటమ్మా! పక్కనే ఆయన భార్య నించుని ఉంది. చీమ అంటే ఆ మానవుడు బతికి బట్టకట్టేవాడా?" మామగారు ఇంకో మెట్టు ఎక్కారు. "బ్యాటరీ అయిపోయిందని చెప్పాను."